ఆఫ్-పిస్ట్ క్లినిక్, టూరింగ్ క్లినిక్, అవలాంచ్ కోర్సు: ముందు ఏది, దానికి ఎలా సిద్ధపడాలి

రిసార్టులో యంత్రాలతో చదును చేసిన దారుల మీద రెండు మూడు శీతాకాలాలు స్కీయింగ్ చేసిన వారికి, హద్దు తాళ్లకు అవతల ఎవరూ తొక్కని మంచు మీదికి మనసు పోవడం సహజం. సియాటెల్, డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారికి ఆ మంచు కారులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలోనే ఉంటుంది. హైదరాబాదు నుంచో విశాఖ నుంచో బయలుదేరే వారికి గుల్మార్గ్ అందుబాటులో ఉంటుంది, ఆల్ప్స్ దూరమవుతాయి. ఎక్కడికి వెళ్లినా మొదటి చిక్కు మాత్రం ఒకటే. లిఫ్టు ఎక్కి, చదును చేయని మంచు మీద దిగడం నేర్పే ఆఫ్-పిస్ట్ క్లినిక్ (క్లినిక్ అంటే ఇక్కడ కొద్ది రోజుల శిక్షణ శిబిరం) ఒకటి. స్కీల అడుగున వెనక్కి జారకుండా పట్టే స్కిన్స్ అనే పట్టీలు అంటించుకుని సొంత కాళ్లతో కొండ ఎక్కి, ఆపైన దిగడం నేర్పే టూరింగ్ క్లినిక్ ఇంకొకటి. మంచు చరియలు విరిగిపడే ప్రమాదాన్ని అంచనా వేయడం, కూరుకుపోయిన వారిని వెలికితీయడం నేర్పే అవలాంచ్ కోర్సు మరొకటి. సెలవు ఒక్క వారమే ఉండి, డబ్బు ఒక్కదానికే సరిపోయేటప్పుడు వీటిలో ఏది ముందు అన్నది ఇక్కడ చర్చించదలచిన విషయం. ఈ మూడింటికీ ఇంకా సిద్ధంగా లేని వారి కోసం మన దేశంలోని ప్రభుత్వ సంస్థల ప్రాథమిక స్కీ కోర్సులను నాలుగో మార్గంగా చేర్చాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

చాలామంది స్థలాన్ని బట్టి ఎంచుకుంటారు. ఫ్రాన్సులోని షామొనీ పేరు గొప్పదనో, గుల్మార్గ్ మంచు మెత్తనిదనో ముందు టికెట్లు కొని, తర్వాత అక్కడ దొరికే క్లినిక్ వెతుక్కుంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల పద్ధతి. ముందు చూసుకోవలసినవి నాలుగు.

మొదటిది, మంచు బాగాలేనప్పుడు మీరు ఎలా దిగుతారన్నది. ఉదయం చదునుగా ఉన్న దారి మీద ఎవరైనా అందంగానే దిగుతారు. మధ్యాహ్నానికి అదే దారి గుట్టలు గుట్టలుగా చెదిరిపోయాక, అక్కడక్కడా గడ్డకట్టిన పెచ్చుల మధ్య, ఆగకుండా పది మలుపులు తిప్పగలరా? శిక్షకుడు చూపిన చోట, ఆ చోటే, ఆగగలరా? ఎడమ పక్కకూ కుడి పక్కకూ సమానంగా, స్కీలను అడ్డంగా పెట్టి జారుతూ కిందికి దిగగలరా? మూడింటికీ అవునని చెప్పగలిగితే మీరు ఆఫ్-పిస్ట్‌కు తగినవారే. మీ రిసార్టు నిర్ణయించిన రంగులను చూసి సంబరపడవద్దు. ఐరోపాలో ఎరుపు, నలుపు గుర్తుల లెక్క వేరు, అమెరికాలో నీలం, నలుపు లెక్క వేరు, ఒకే దేశంలో రెండు కొండల మధ్య కూడా తేడా ఉంటుంది.

రెండోది ఎక్కే ఓపిక. టూరింగ్ పరిచయ తరగతిలో కూడా రోజుకు 600 నుంచి 1,000 మీటర్ల ఎత్తు ఎక్కించడం మామూలు, గుంపు వేగం గంటకు 300 నుంచి 400 మీటర్లు. మూడు గంటలు ఎక్కి, పైన చలిలో సామాను సర్దుకుని, అలసిన కాళ్లతో తొక్కని మంచులో దిగాలి. క్లినిక్‌లో కష్టమంతా ఆ చివరి అరగంటలోనే ఉంటుంది.

మూడోది వివేచన: ఈ వాలు మీదికి ఈ రోజు వెళ్లవచ్చా, వద్దా అని తేల్చే తెలివి. ఇది ఎంత బాగా స్కీయింగ్ వచ్చినా దానంతట అది రాదు. 2012 ఫిబ్రవరి 19న వాషింగ్టన్ రాష్ట్రంలోని స్టీవెన్స్ పాస్ పక్కన టనెల్ క్రీక్ వాలులో మంచు చరియ విరిగి ముగ్గురు మరణించినప్పుడు, ఆ గుంపులో ఉన్నవారు వృత్తిరీత్యా మంచు మీద బతికేవారు, ఆ కొండను ఎరిగినవారు. వారికి దిగడం రాక జరిగిన ప్రమాదం కాదది.

నాలుగోది సెలవు, డబ్బు, ఎత్తు, కాగితాలు. వీటి సంగతి చివరలో చూద్దాం.

ఈ నాలుగింటిలో ఓపికను హైదరాబాదులో కూర్చుని కూడా పెంచుకోవచ్చు. వివేచనలో సగం పుస్తకాలతో, వాతావరణ నివేదికలతో ఇంటి దగ్గరే అలవడుతుంది. దిగే నైపుణ్యం మాత్రం మంచు మీద తప్ప మరెక్కడా రాదు. కాబట్టి ఇంటి దగ్గర సంపాదించుకోలేనిది ఏదో దానికే క్లినిక్ డబ్బు పెట్టాలి, మిగిలినవన్నీ వెళ్లేలోపు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోవాలి. మిగతా సలహా అంతా ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది.

| | ఆఫ్-పిస్ట్ క్లినిక్ | టూరింగ్ పరిచయం | అవలాంచ్ కోర్సు | ప్రాథమిక స్కీ కోర్సు |
|---|---|---|---|---|
| మామూలు వ్యవధి | 2 నుంచి 5 రోజులు | 2 నుంచి 5 రోజులు | 2 లేదా 3 రోజులు | సుమారు రెండు వారాలు |
| ఎక్కే పని | తక్కువ, లిఫ్టు ఉంటుంది | ఎక్కువ | మధ్యస్థం | మొదట్లో నడిచి ఎక్కవలసి రావచ్చు |
| దిగడం ఎంత రావాలి | చెదిరిన మంచులో నిలకడగా | దానికి తోడు అలసిన కాళ్లతో | క్షేమంగా దిగగలిగితే చాలు | ఏమీ రాకపోయినా పరవాలేదు |
| అక్కడ వచ్చేది | మలుపు, సమతూకం, వేగం మీద అదుపు | స్కిన్స్, కిక్ టర్న్, దారి ఎంపిక | ప్రమాద అంచనా, వెలికితీత | నిలబడటం నుంచి సమాంతర మలుపు వరకు |
| అక్కడ రానిది | సొంతంగా వెళ్లే అర్హత | దిగే శైలిలో మార్పు | స్కీయింగ్, స్కిన్స్ వాడకం | తొక్కని మంచు అనుభవం |

## లిఫ్టు సాయంతో ఆఫ్-పిస్ట్ క్లినిక్

దీనికున్న పెద్ద బలం పునశ్చరణ. టూరింగ్‌లో సగం రోజు ఎక్కి ఒక్కసారి దిగుతారు. లిఫ్టు ఉన్నచోట అదే రోజులో పది సార్లు దిగి, పది సార్లూ శిక్షకుడి మాట విని సరిదిద్దుకోవచ్చు. లోతైన మంచులో రెండు స్కీల మీదా బరువు సమానంగా ఉంచడం, పాదాలను దగ్గరగా ఉంచి వాటిని ఒకే వేదికలా వాడటం, మలుపును తొందరపడి లాగకుండా వాలు వైపు నెమ్మదిగా తిరగనివ్వడం వంటివి చెబితే అర్థం కావు, తిరిగి తిరిగి చేస్తేనే ఒంటికి పడతాయి. చదును దారి మీద అలవాటైన ధోరణిలో బరువంతా బయటి కాలి మీద వేస్తే, మెత్తని మంచులో ఆ స్కీ మునిగిపోయి మనిషి బోర్లా పడతాడు. వెనక్కి వాలితే తేలుతామన్న పాత సలహా ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. వెడల్పు స్కీల మీద దాని వల్ల తొడలు మండటం తప్ప ప్రయోజనం లేదు.

దీని లోపం కూడా ఆ సౌకర్యంలోనే ఉంది. లిఫ్టు పక్కనే ఉంది, ముందు శిక్షకుడు ఉన్నాడు, వెనక పది మంది గీతలు ఉన్నాయి కాబట్టి ఇది క్షేమమైన చోటన్న భావన మనసులో నాటుకుపోతుంది. ఉత్తర అమెరికాలో రిసార్టు హద్దు లోపల చదును చేయని వాలులను కూడా స్కీ పెట్రోల్ అనే గస్తీ దళం పరిశీలించి, అవసరమైతే పేలుడు పదార్థాలతో మంచు చరియలను ముందుగానే దింపుతుంది. ఆల్ప్స్‌లో గుర్తులు పెట్టిన దారి (పిస్ట్) అంచు దాటిన మరుక్షణం నుంచి, కొన్ని ప్రత్యేక మార్గాలు తప్ప, ఆ బాధ్యత ఎవరిదీ కాదు. కొలరాడోలో నేర్చుకున్న ధైర్యాన్ని యథాతథంగా ఫ్రాన్సుకు తీసుకువెళ్లేవారు ఈ ఒక్క తేడాను మరవకూడదు.

వయసు వచ్చాక స్కీయింగ్ మొదలుపెట్టిన వారికి, అంటే మనలో దాదాపు అందరికీ, నేను మొదట చెప్పేది ఈ క్లినిక్కే. చిన్నప్పటి నుంచి మంచులో పెరిగినవాడికి ఒంట్లో ఉన్న సమతూకం మనకు లేదు, దానిని సంపాదించుకునే దగ్గరి దారి లిఫ్టు పక్కనే ఉంది.

## స్కీ టూరింగ్ పరిచయ క్లినిక్

స్కీ అడుగున అంటించే స్కిన్‌కు ముందుకు జారే, వెనక్కి పట్టే నూగు ఉంటుంది. మొహేర్ రకం బాగా జారుతుంది, నైలాన్ రకం బాగా పట్టి ఎక్కువ కాలం మన్నుతుంది, అద్దెకిచ్చేవి సాధారణంగా రెండూ కలిసినవి. బూటును స్కీకి బిగించి, మడమను మాత్రం పైకి లేచేలా వదిలేసే బైండింగ్, నడిచేటప్పుడు చీలమండ వంగేలా మీట ఉన్న బూటు దీనికి తోడు కావాలి. బూటు ముందు భాగంలో లోహపు గుంటలు ఉండి, వాటిలోకి సూదుల్లాంటి పిన్నులు దిగే బైండింగును ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్టెల్ 1980లలో రూపొందించారు. ఈనాటి తేలికైన టూరింగ్ పరికరాలన్నీ ఆ ఆలోచన నుంచి వచ్చినవే.

మొదటి రోజు నేర్పే పాఠం, స్కీని ఎత్తవద్దు, జరపండి అన్నది. వినడానికి చిన్న విషయమే. కానీ గంటకు వేల అడుగులు వేసే పనిలో ప్రతి అడుగుకూ స్కీని, బూటును గాలిలోకి లేపితే మధ్యాహ్నానికి నడుము దగ్గరి కండరాలు పట్టేస్తాయి. రెండో రోజు కిక్ టర్న్, అంటే నిటారు వాలు మీద నిలబడి ఒక్కొక్క స్కీని తిప్పి దిశ మార్చడం. క్లినిక్‌లో అందరినీ ఏడిపించేది ఇదే. తుంటి కీలు బిగుసుకుపోయిన వారికి మరీ కష్టం. ఇంటి దగ్గర నేల మీద, స్కీలు లేకుండానే, ఒక పాదాన్ని పూర్తిగా వెనక్కి తిప్పి పెట్టే సాధన నెల రోజులు చేసి వెళ్లినవారికి ఆ రోజు సగం అవమానం తప్పుతుంది.

ఎవరికి ఇది ముందుగా తగినది? పరుగు, సైకిల్, ట్రెక్కింగ్ బాగా అలవాటు ఉండి, చెదిరిన మంచులో కూడా స్థిమితంగా దిగగలిగిన వారికి. ట్రెక్కింగ్ ఒక్కటే ఉండి దిగడం అంతంతమాత్రంగా ఉన్నవారికి మాత్రం వద్దంటాను. వారు ఎక్కేటప్పుడు గుంపులో ముందుంటారు, దిగేటప్పుడు అందరూ వారి కోసం ఆగవలసి వస్తుంది, పైగా అలసటలో పడి మోకాలి స్నాయువు తెంచుకునేది ఎక్కువగా ఇలాంటివారే. హిమాలయ ట్రెక్కులు చేసిన మన యువతలో ఈ పొరపాటు అంచనా తరచుగా కనిపిస్తుంది.

## అవలాంచ్ కోర్సు

అమెరికాలో వినోదానికి వెళ్లేవారి కోసం అయారీ సంస్థ రూపొందించిన మొదటి స్థాయి కోర్సు మూడు రోజులు, 24 గంటలు. దీనికి జోడుగా ఒక్క రోజు వెలికితీత కోర్సు విడిగా ఉంటుంది. కెనడాలో అవలాంచ్ కెనడా పాఠ్యక్రమం ప్రకారం నడిచే అవలాంచ్ నైపుణ్య శిక్షణ, అంటే ఏఎస్‌టీ మొదటి స్థాయి సుమారు రెండు రోజులు. ఆల్ప్స్‌లో ఇంత ఏకరీతి పాఠ్యక్రమం సాధారణంగా కనిపించదు, గైడ్ సంస్థలు ఆఫ్-పిస్ట్ లేదా టూరింగ్ వారంలోనే ఈ పాఠాలను కలిపి చెబుతుంటాయి.

ఇందులో నేర్చుకునే వాటిలో కొన్నింటిని ముందే తెలుసుకుని వెళితే కోర్సు ఫలం రెట్టింపవుతుంది. ప్రాణాలు తీసే పలక చరియలు, అంటే గట్టి మంచు పొర పలకలా ఒక్కసారిగా విరిగి జారేవి, ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద విరుగుతాయి. పౌడర్ మంచులో దిగడానికి హాయిగా ఉండే వాలులూ అవే కావడం ఈ క్రీడలోని అసలు ఇబ్బంది. ప్రమాద నివేదికలో స్థాయిలు 1 నుంచి 5 వరకు ఉంటాయి. మూడు మధ్యలో ఉంది కాబట్టి మధ్యస్థమని చదువుకోకూడదు. స్థాయి ఒక్కటి పెరిగితే ప్రమాదం రెట్లలో పెరుగుతుంది, మరణాల్లో పెద్ద భాగం నాలుగో, అయిదో స్థాయి రోజుల్లో కాక మూడో స్థాయి రోజుల్లోనే జరుగుతుంది. నాలుగు అన్నప్పుడు భయపడి ఆగిపోయే మనిషి మూడు అన్నప్పుడు బయలుదేరుతాడు.

కూరుకుపోయిన మనిషిని బతికించగలిగే వ్యవధి మొదటి పది, పదిహేను నిమిషాలే. హెలికాప్టర్ వచ్చేలోపు అది అయిపోతుంది కాబట్టి పక్కనున్న స్నేహితుడే రక్షక దళం. అందుకే 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపి, అందుకునే బీకన్, మంచులో గుచ్చి వెతికే కనీసం 240 సెంటీమీటర్ల కడ్డీ (ప్రోబ్), లోహపు పలక ఉన్న పార అనే మూడూ గుంపులో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ఇద్దరికి ఒకటి అన్న పొదుపు ఇక్కడ పనికిరాదు. ఫోను బీకన్‌కు అంతరాయం కలిగిస్తుంది. నడిచేటప్పుడు రెండింటి మధ్య కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. వేడి చేతి తొడుగులు, స్మార్ట్ వాచీలు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. తవ్వడంలో ఒక మెలకువ ఉంది. ప్రోబ్ తగిలిన చోట నిలబడి నేరుగా కిందికి తవ్వితే గొయ్యి పూడుకుపోతుంది, వాలులో కాస్త కిందికి దిగి, పక్క నుంచి మనిషి వైపు తవ్వుకుంటూ రావాలి.

ఈ కోర్సును మొదటిదిగా ఎంచుకోవడంలో ఒక చిక్కు ఉంది. క్షేత్ర పాఠాలు రిసార్టు బయట జరుగుతాయి కాబట్టి స్కిన్స్ వేసుకుని నడవడం అప్పటికే వచ్చి ఉండాలి. కొందరు నిర్వాహకులు మంచులో కూరుకోకుండా నడిచే వెడల్పు మంచు బూట్లతో (స్నోషూలతో) కూడా అనుమతిస్తారు, ముందే అడగాలి. అక్కడికి వెళ్లి బైండింగుతో కుస్తీ పడుతూ ఉంటే మంచు పొరల గురించి చెప్పేది చెవికెక్కదు. అందుచేత మూడు రోజుల కోర్సును రెండో ఏటికి వాయిదా వేసినా తప్పు లేదు గాని, ఒక్క రోజు వెలికితీత కోర్సును మాత్రం మొదటి ఆఫ్-పిస్ట్ అడుగుకు ముందే పూర్తిచేయాలి. అది కష్టమూ కాదు, ఖరీదైనదీ కాదు. దానిని దాటవేయడానికి నాకైతే ఒక్క మంచి కారణమూ కనిపించలేదు.

## ఇంకా సిద్ధంగా లేనివారికి

గుల్మార్గ్‌లోని భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పేరిట ఉన్న పర్వతారోహణ సంస్థ సుమారు రెండు వారాల స్కీ కోర్సులు నిర్వహిస్తున్నాయి. బస, భోజనం, పరికరాలు కలిపి ఉండే ఈ కోర్సులు ప్రైవేటు శిక్షకుల కంటే బాగా చవక. వైద్య ధ్రువపత్రం అడుగుతారు, సీట్లు త్వరగా నిండుతాయి. క్రమశిక్షణ గట్టిగా ఉంటుంది, పరికరాలు అంత కొత్తవి కాకపోవచ్చు, గుంపు పెద్దది కావచ్చు. రెండు వారాలు ఎడతెగకుండా మంచు మీద ఉండటం వల్ల కలిగే లాభం ముందు ఇవన్నీ చిన్నవి. ఒకటీ రెండు సార్లు విహారయాత్రలో స్కీలు తొడిగి ఫొటో దిగినవారు నేరుగా ఆఫ్-పిస్ట్ క్లినిక్‌కు డబ్బు కట్టడం కంటే ఇది ఎంతో మేలు.

## స్థలం విషయంలో బేరీజు

గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, గండోలా అనే రోప్ వే రెండో దశ అఫర్వత్ కొండ మీద సుమారు 3,950 మీటర్ల దాకా తీసుకుపోతుంది. చదును దారులు తక్కువ, దాదాపు కొండంతా ఆఫ్-పిస్టే. స్కీ పెట్రోల్ పరిశీలించేది గండోలా కింది ప్రధాన భాగాన్ని, పక్క లోయలను కాదు. 2023 ఫిబ్రవరి 1న ఇదే కొండ మీద మంచు చరియ విరిగి ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ మరణించారు. గాలి, హిమపాతం తీవ్రంగా ఉన్న రోజుల్లో రెండో దశను మూసేస్తారు, వారంలో రెండు మూడు రోజులు అలా పోవడం అసాధారణం కాదు. అయిదు రోజుల క్లినిక్‌కు ఎనిమిది రోజుల సెలవు పెట్టుకోవాలన్నది నా లెక్క. ఇంకో సంగతి, ఇక్కడ నిద్రపోయే ఎత్తే 2,500 మీటర్లకు పైన ఉంది, అంటే కొండ జబ్బు లక్షణాలు మొదలయ్యే పరిధిలో. హైదరాబాదు నుంచి విమానంలో శ్రీనగర్ దిగి ఆ సాయంత్రమే పైకి చేరి, మర్నాడు ఉదయమే రెండో దశ ఎక్కడం కంటే, ఒక రాత్రి శ్రీనగర్‌లో ఆగి, మొదటి రోజు కింది వాలుల మీదే గడపడం మంచిది.

షామొనీ పట్టణం 1,035 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి రాత్రి నిద్రకు ఇబ్బంది లేదు. కానీ 3,842 మీటర్ల ఎగ్వీ దు మిది మీదికి రోప్‌వే నిమిషాల్లో తీసుకుపోతుంది, అక్కడి నుంచి దిగే ప్రసిద్ధ వాలీ బ్లాంష్ దారి సుమారు 20 కిలోమీటర్ల హిమనదీ మార్గం. హిమనదిలో మంచు కింద దాగిన పగుళ్లు ఉంటాయి, నడుము పట్టీ, తాడు కావాలి. ఫ్రాన్సులో హిమనది మీదికి బృందాన్ని తీసుకువెళ్లే అర్హత పర్వత గైడ్‌కే ఉంది, స్కీ శిక్షకుడికి లేదు. బుక్ చేసేటప్పుడు ఎవరు వస్తున్నారో అడగాలి. మొదటి క్లినిక్‌కు ఇంత పెద్ద కొండ అవసరం లేదని నా అభిప్రాయం, పేరు కోసం వెళ్లి సగం రోజులు భయంతో గడిపేవారే ఎక్కువ.

జపాన్‌లోని నిసెకో వీటికి భిన్నం. అన్నుపురి శిఖరం 1,308 మీటర్లే, ఎత్తు బాధ లేదు, మంచు విస్తారం, చెట్ల మధ్య వాలులు మృదువు. హద్దు దాటడానికి ద్వారాలు ఉంటాయి, పెట్రోల్ తెరిచినప్పుడే వాటి గుండా వెళ్లాలి, తాళ్ల కింద దూరితే పాస్ రద్దవుతుంది. ఆఫ్-పిస్ట్ మలుపు ఒక్కటే నేర్చుకోవాలనుకునే వారికి ఇంత అనువైన చోటు తక్కువ. ఖర్చు మాత్రం తక్కువ కాదు.

అమెరికాలో ఉన్నవారు దూరం వెళ్లనక్కరలేదు. వారాంతపు క్లినిక్ ఒకటి, నెల తర్వాత వెలికితీత కోర్సు, మరుసటి జనవరిలో అయారీ మొదటి స్థాయి అని విడగొట్టుకోవచ్చు. ఒకే వారంలో అన్నీ కుక్కుకోవలసిన అగత్యం వారికి లేదు. సియాటెల్ వైపు వారికి నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్, కొలరాడోలో ఆ రాష్ట్ర సమాచార కేంద్రం, యూటాలో యూటా అవలాంచ్ సెంటర్ శీతాకాలమంతా ప్రతిరోజూ నివేదిక ఇస్తాయి. స్కీయింగ్‌కు వెళ్లని రోజు కూడా దానిని చదివే అలవాటు నవంబరులోనే మొదలుపెడితే, కోర్సుకు వెళ్లేసరికి ఆ ఏడాది మంచు కథ మీకు తెలిసే ఉంటుంది.

## ఒంటిని సిద్ధం చేసుకోవడం

మంచు లేని ఊళ్లో ఉన్నవారికి మెట్లే దిక్కు, అదేమీ తక్కువ దిక్కు కాదు. పది అంతస్తుల భవనాన్ని పదిసార్లు ఎక్కితే సుమారు 300 మీటర్ల ఎత్తు అవుతుంది, అంటే టూరింగ్‌లో గంట పని. వెళ్లడానికి పది, పన్నెండు వారాల ముందు వారానికి మూడు రోజులతో మొదలుపెట్టి, చివరి నెలలో వీపున ఎనిమిది కిలోల సంచితో రెండు గంటలు ఆగకుండా ఎక్కగలిగే స్థితికి రావాలి. వేగం ముఖ్యం కాదు, పక్కవారితో మాట్లాడగలిగే ఊపిరి మిగిలి ఉండాలి. తిరుపతి వైపు వారికి అలిపిరి నుంచి 3,550 మెట్ల దారి ఉంది, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఉన్నాయి.

ఎక్కడం ఒక్కటే చేసి లిఫ్టులో దిగిపోవడం చాలామంది చేసే పని. స్కీయింగ్‌లో తొడ కండరాలు సాగుతూ బరువు మోస్తాయి, మెట్లు దిగేటప్పుడూ సరిగ్గా అదే జరుగుతుంది. కాబట్టి ఆఫ్-పిస్ట్ క్లినిక్‌కు వెళ్లేవారు దిగడానికే ఎక్కువ సమయం ఇవ్వాలి: నెమ్మదిగా, మోకాలు లోపలికి పడిపోకుండా. మొదట్లో రెండు రోజుల నొప్పి తప్పదు, అది గుల్మార్గ్‌లో రాకుండా మణికొండలోనే వస్తే మంచిదే కదా. ఒంటికాలి మీద నిలబడటం, పక్కకు గెంతడం, నడుము కండరాల కసరత్తులు వీటికి తోడు. మోకాలికి పాత గాయం ఉన్నవారు ముందే ఫిజియోథెరపిస్టును కలవాలి.

తిండి, బట్టల విషయంలో రెండు మాటలు. నెయ్యితో చేసిన సున్నుండలు గడ్డకట్టే చలిలో రాయిలా మారతాయి. ఖర్జూరాలు, చిన్న ముక్కలుగా విరిచిన పల్లీ చిక్కీ లోపలి జేబులో పెట్టుకుంటే తినగలిగేలా ఉంటాయి. గొట్టం ఉన్న నీటి సంచి గడ్డకట్టుకుపోతుంది, ఫ్లాస్కు మేలు. చలికి భయపడి మనవాళ్లు ఎక్కేటప్పుడు అన్నీ తొడిగేసుకుంటారు. పది నిమిషాల్లో చెమట, పైన ఆగగానే ఆ చెమటే చలి. బయలుదేరేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి, మందపాటి జాకెట్ సంచిలో ఉండాలి.

## కొనడమా, అద్దెకు తీసుకోవడమా

మొదటి క్లినిక్‌కు స్కీలు కొనవద్దు. స్కీ మధ్య భాగం వెడల్పు 95 నుంచి 105 మిల్లీమీటర్లు ఉన్నవి అద్దెకు తీసుకుంటే తొక్కని మంచులోనూ, చదును దారిలోనూ పనికొస్తాయి. డబ్బు పెట్టదలిస్తే ముందు బూట్ల మీద పెట్టాలి, అదీ పాదాన్ని కొలిచి సరిచేసే దుకాణంలో. మీ పాత రిసార్టు బూట్లకు పిన్ గుంటలు లేకపోతే అవి పిన్ బైండింగులో పట్టవు, టూరింగ్ బూట్ల అడుగు కొన్ని పాత రిసార్టు బైండింగులలో సురక్షితంగా ఇమడదు. ఈ సంగతి మొదటి ఉదయం కొండ కింద తెలియడం కంటే ఇంటి దగ్గర నిర్వాహకుడికి ఫొటో పంపి అడగడం తేలిక.

బీకన్ మాత్రం, ఏటా వెళ్లే ఉద్దేశం ఉంటే, సొంతదే ఉండాలి. చేతికి అలవాటు పడిన బీకన్‌తో వెతకడానికీ అప్పుడే చేతికొచ్చిన దానితో వెతకడానికీ మధ్య విలువైన నిమిషాలు పోతాయి. పార్కులో స్నేహితుడు దాచిన బీకన్‌ను వెతకడం హైదరాబాదులో కూడా చేయవచ్చు. తయారీదారు వేరుగా చెప్పకపోతే ఆల్కలైన్ బ్యాటరీలే వేయాలి. ఎయిర్‌బ్యాగ్ సంచి (చరియలో చిక్కినప్పుడు ఉబ్బి మనిషిని పైన ఉంచేది) మంచిదే గాని మొదటి ఏట అవసరం కాదు. గ్యాస్ సిలిండర్ ఉన్న రకాన్ని విమానంలో తీసుకెళ్లడానికి విమాన సంస్థ ముందస్తు అనుమతి కావాలి.

## కాగితాలు, బీమా, డబ్బు కట్టేముందు అడగవలసినవి

షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వీసా కోసం చవకగా కొనే పాలసీల్లో చాలావాటికి సాహస క్రీడల మినహాయింపు ఉంటుంది. పాలసీలో ఆఫ్-పిస్ట్ అన్న మాట స్పష్టంగా ఉందా, గైడ్ ఉంటేనే వర్తిస్తుందా, కొండ మీద వెతుకులాట, హెలికాప్టర్ ఖర్చు ఉన్నాయా అన్నవి విడివిడిగా చూడాలి. విదేశాల నుంచి గుల్మార్గ్ వచ్చే తెలుగువారు ఉపగ్రహ సందేశ పరికరాలను ఇంట్లోనే వదిలి రావాలి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాటిని కలిగి ఉండటం నేరం, విమానాశ్రయాల్లో విదేశీయులను అదుపులోకి తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

నిర్వాహకుడిని అడగవలసిన ప్రశ్నలు కొన్నే. శిక్షకుడి అర్హత ఏమిటి, గుంపులో ఎంతమంది అన్నవి మొదట. ఆరుగురికి మించితే మీ వంతు సలహా అందదు. గుంపును నైపుణ్యాన్ని బట్టి విడగొడతారా, బలహీనంగా ఉన్నవారికి రెండో శిక్షకుడు ఉంటాడా అన్నది తర్వాత. మిమ్మల్ని గురించి వారు అడిగే ప్రశ్నలను కూడా గమనించండి. ఏ మంచులో దిగారు, ఎంత ఎత్తు ఎక్కారు, గాయాలేమిటి అని ఏమీ అడగకుండా డబ్బు తీసుకునే వారి దగ్గర గుంపు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. చివరగా, ప్రమాద స్థాయి నాలుగుకు చేరితే ఆ రోజు ఏం చేస్తారని అడగండి. పరిస్థితిని బట్టి చూద్దాం అని దాటవేసే వారి కంటే, ఆ రోజు నిటారు వాలుల జోలికి పోమని, చెట్ల మధ్య తక్కువ వాలు మీద మలుపులు, బీకన్ సాధన చేయిస్తామని, అందుకు డబ్బు వెనక్కి ఇవ్వబోమని ముందే రాతపూర్వకంగా చెప్పే వారికి అడ్వాన్స్ కట్టండి.